నీడకీ ఓ లెక్కుంది!

పెళ్లి శుభలేఖను వాట్సాప్‌లో పంపాలి. ముదురు నీలం బ్యాక్‌గ్రౌండ్, దాని మీద బంగారు రంగు అక్షరాలు, మధ్యలో వధూవరుల ఫొటో. ఫొటోను చుట్టూతా జాగ్రత్తగా కత్తిరించి తెచ్చి అక్కడ పెట్టగానే... తల చుట్టూ, భుజాల చుట్టూ సన్నటి తెల్లగీత! కాళ్ల దగ్గరున్న మెత్తటి నీడేమో ముగ్గుపిండి చల్లినట్టు మెరుస్తూ ఉంటుంది. తెల్లటి పేజీ మీద ముచ్చటగా కనిపించిన బొమ్మే నల్లటి దాని మీదికి రాగానే ఎవరో అంటించిపోయినట్టు ఎబ్బెట్టుగా తేలుతుంది.

కొట్టుకు చేయించుకున్న లోగోదీ అదే కథ. ఫోన్‌లో డార్క్ మోడ్ పెట్టగానే అక్షరాలు మాయమై, చుట్టూ ఉన్న అంచు మాత్రం మిగులుతుంది. నెట్‌లోంచి వెనకాల ఏమీ లేని వినాయకుడి బొమ్మ దించుకుందామంటే స్వామితోపాటు చదరంగం గళ్లు కూడా దిగుతాయి!

చూడ్డానికి చిన్న విషయాలే. కానీ అన్నింటి వెనకా ఉన్న చిక్కు ఒకటే. ఒక బొమ్మ తన వెనక ఏ రంగు వచ్చినా అందులో కలిసిపోవాలంటే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు 1977లోనే దొరికింది. అది మన కంప్యూటర్ తెర మీదికి రావడానికి మాత్రం మరో ముప్ఫై ఏళ్లు పట్టింది. మధ్యలో ఒక పేటెంటు గొడవ, జీతంభత్యం లేకుండా పనిచేసిన కొందరు ప్రోగ్రామర్లు, మొండికేసిన ఓ బ్రౌజరు... ఆ కథే ఇది.

పుట్టింటి రంగు

తెర మీద కనిపించే ఏ బొమ్మయినా చిన్నచిన్న చుక్కల కూర్పే. వాటినే పిక్సెళ్లు అంటారు. ఒక్కో చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉండాలో చెప్పే మూడు అంకెలుంటాయి. ఒక్కోటీ సున్నా నుంచి 255 వరకూ. మూడూ సున్నా అయితే కటిక నలుపు, మూడూ 255 అయితే తెల్లటి తెలుపు. మూడూ సమానంగా మధ్యలో ఎక్కడున్నా బూడిద రంగు. లెక్క తేలిగ్గా ఉండేందుకు ఈ బూడిద రంగునే ఒక్క అంకెతో చెప్పుకుందాం.

ఇప్పుడు తెల్లకాగితం లాంటి పేజీ మీద ఒక నల్లటి నీడ పడిందనుకోండి. నీడ ఎప్పుడూ కత్తితో కోసినట్టు ఉండదు. వస్తువు దగ్గర చిక్కగా ఉండి, దూరం జరిగేకొద్దీ పల్చనై చివరికి కనిపించకుండా పోతుంది. చిక్కదనం సగం ఉన్నచోట కింది తెలుపు సగం కనిపిస్తుంది కాబట్టి ఆ చుక్క అంకె 128. అంచు దగ్గర చిక్కదనం పదిశాతమే. అక్కడ తెలుపు తొంభైశాతం. అంటే 230.

ఈ బొమ్మను అలాగే కత్తిరించి, దాదాపు నల్లగా ఉండే పేజీ మీద పెడదాం. ఆ పేజీ అంకె 18 అనుకుందాం. చుట్టూ 18 ఉన్నచోట 128 అంటే వెలుతురే! ఇక అంచు దగ్గరి 230 అయితే దీపం పెట్టినట్టే ఉంటుంది. నీడ ఎక్కడ బాగా పల్చగా ఉందో అక్కడే తెలుపు ఎక్కువగా మెరుస్తుంది. నీడ కాస్తా వెలుగు అయిపోయిందన్నమాట. తల చుట్టూ కనిపించే తెల్లగీత కూడా ఇలాంటిదే. వెంట్రుకల చివర ఒక్కో చుక్కలో కొంత జుట్టు, కొంత వెనకాల గోడా కలిసి ఉంటాయి. కత్తెర ఎంత పదునుదైనా ఒక చుక్కను రెండుగా కోయలేదు. అందుకే బొమ్మ కొత్త ఇంటికి వచ్చినా పుట్టింటి రంగును అంచుకు పూసుకునే వస్తుంది.

మరి అసలు ఏం జరగాలి? 18 మీద సగం నీడ పడితే 9 కావాలి. పదిశాతం నీడ పడితే సుమారు 16 కావాలి. అంటే నీడ అనేది ఒక రంగు కాదు, ఒక పాలు. వెనకాల ఏముంటే దాన్ని 'ఇంత తగ్గించు' అని చెప్పే మాట. డికాక్షన్ ఒకటే అయినా పాలలో పోస్తే ఒక రంగు, నీళ్లలో పోస్తే మరో రంగు వస్తుంది కదా. అప్పటికే కలిపేసిన కాఫీని తెచ్చి నీళ్లలో పోసి అందులోంచి పాలను వేరు చేయాలంటే కుదురుతుందా? డికాక్షన్‌ను విడిగా దాచుకోవాలి. బొమ్మల విషయంలోనూ చేయాల్సింది అదే.

మూడుకి తోడు నాలుగు

ఈ ఇబ్బంది కంప్యూటర్లకంటే ముందే సినిమావాళ్లకు తెలుసు. ద్విపాత్రాభినయం సన్నివేశాల కోసం లెన్సులో సగం నల్లగా కప్పి ఒక పాత్రను తీసేవారు. ఫిల్మును వెనక్కి తిప్పి, రెండో సగం కప్పి ఇంకో పాత్రను తీసేవారు. 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) చిత్రాల ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే చూపించిన మాయలన్నీ కంప్యూటర్ వాసనే లేని రోజుల్లోవి. హాలీవుడ్‌లో ఇలా కప్పి ఉంచే నల్లటి ఆకారాన్ని 'మ్యాట్' అనేవారు. ఎక్కడ బొమ్మ కనిపించాలో, ఎక్కడ వెనకది కనిపించాలో అది చెబుతుంది.

1977లో అమెరికాలోని న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ అనే ఇద్దరు కంప్యూటర్ బొమ్మల మీద పనిచేస్తున్నారు. అప్పటి యంత్రాలతో ఒక్క బొమ్మ గీయించడానికే బోలెడు సమయం పట్టేది. అదే బొమ్మను ఇంకో బ్యాక్‌గ్రౌండ్ మీద చూడాలంటే మొత్తం మళ్లీ మొదటినుంచీ గీయించాలి. ఈ బాధ పడలేక వాళ్లకు వచ్చిన ఆలోచనే... ప్రతి చుక్కకూ మూడు రంగులతోపాటు నాలుగో అంకె కూడా రాసిపెట్టుకోవడం. ఆ చుక్క ఎంతవరకు నిండుగా ఉంది, ఎంతవరకు వెనకది కనిపించనిస్తుంది అన్నది ఆ నాలుగో అంకె చెబుతుంది. రెండింటిని కలిపే గణిత సూత్రంలో ఆ పాలును గ్రీకు అక్షరం ఆల్ఫాతో రాస్తారు. అందుకే దానికి 'ఆల్ఫా చానెల్' అని పేరు పెట్టారు.

ఆల్ఫా సున్నా అయితే గాజుపలక. 255 అయితే ఇటుక గోడ. మధ్యలో ఉన్నవన్నీ షిఫాన్ చీర కొంగు లాంటివే... ఎంతో కొంత అవతలిది కనిపిస్తుంది. మెత్తటి నీడకు కావాల్సింది ఈ మధ్య మెట్లే.

1984లో లూకాస్‌ఫిల్మ్ సంస్థలో పనిచేస్తున్న థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఈ లెక్కను ఇంకా చక్కదిద్దారు. రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి ఎన్ని రకాలుగా కలవొచ్చో సూత్రాలుగా రాసిన వాళ్ల పత్రమే ఇప్పటికీ ఈ విద్యకు పెద్దబాలశిక్ష. మన ఫోన్‌లో ఒక అక్షరం ఒక ఫొటో మీద కనిపించినా, టీవీ వార్తల్లో కింద స్క్రోలింగ్ కదిలినా వెనక నడిచేది ఆ లెక్కే. క్యాట్‌మల్, స్మిత్, పోర్టర్, డఫ్... ఈ నలుగురికీ కలిపి 1996లో ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం ఇచ్చింది. తర్వాతి కాలంలో 'టాయ్ స్టోరీ' సినిమాలు తీసిన పిక్సార్ సంస్థ ఆ లూకాస్‌ఫిల్మ్ బృందంలోంచి పుట్టిందే. దాన్ని నడిపించిన క్యాట్‌మల్, కంప్యూటర్ రంగంలో నోబెల్ అంతటిదనే ట్యూరింగ్ అవార్డును 2019 సంవత్సరానికిగాను అందుకున్నారు కూడా.

ఉంటే ఉంది, లేకపోతే లేదు

సినిమావాళ్లకు ఇంత సౌకర్యం వచ్చినా ఇంటర్నెట్‌కు మాత్రం రాలేదు. అక్కడ రాజ్యమేలింది జిఫ్. కంప్యూసర్వ్ అనే అమెరికా సంస్థలో స్టీవ్ విల్‌హైట్ బృందం 1987లో తయారుచేసిన రకం అది. ఫోన్ తీగల మీద నత్తనడక నడిచే రోజుల్లో బొమ్మ చిన్నదిగా ఉంటే చాలనుకున్నారు. అందుకే ఒక్క బొమ్మలో 256 రంగులకు మించి ఉండవు. 1989లో వచ్చిన మెరుగైన రూపంలో ఆ రంగుల్లో ఒకదాన్ని 'ఇది కనిపించకూడదు' అని గుర్తుపెట్టే వీలు కల్పించారు.

అంతే! చుక్క ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే పూర్తిగా ఉండదు. మధ్యేమార్గం లేదు. గుండ్రటి బొమ్మ అంచులు మెట్లుమెట్లుగా కనిపించేవి. మెత్తటి నీడ సంగతి చెప్పక్కర్లేదు. సగం నీడను ఏం చేయాలి... ఉంచాలా, తీసేయాలా?

1998లో వచ్చిన ఫొటోషాప్ 5తో ఒక్క క్లిక్కుతో నీడ వేసే సదుపాయం వచ్చింది. ఇంకేముంది, వెబ్‌సైట్లలో ప్రతి బటన్‌కూ, ప్రతి అక్షరానికీ నీడే! కానీ జిఫ్‌లో దాచాలంటే దొంగదారి తొక్కాల్సిందే. బొమ్మ ఏ రంగు పేజీ మీద కూర్చోబోతోందో ముందే తెలుసుకుని, నీడను ఆ రంగుతో కలిపేసి పంపేవారు. సాఫ్ట్‌వేర్‌లో ఆ రంగును ఎంచుకునే పెట్టెకు సినిమావాళ్ల మాటే పెట్టారు... మ్యాట్ అని. పేజీ నీలమైతే నీలం మ్యాట్, నలుపైతే నలుపు మ్యాట్. చూడ్డానికి బాగానే ఉండేది. ఏడాది తర్వాత యజమాని వచ్చి 'పేజీ రంగు మారుద్దాం' అన్నాడంటే మాత్రం డిజైనర్ గుండె జారేది. ఒక్క రంగు మార్పుకు వందల బొమ్మలూ మళ్లీ మొదటినుంచి చేయాలి. వెనకాల రంగు కాకుండా ఏదైనా డిజైనో ఫొటోనో ఉంటే ఆ దారీ మూసుకుపోయినట్టే.

పండగపూట పేటెంటు పిడుగు

1994 డిసెంబరు చివరివారం. అమెరికాలో అందరూ క్రిస్మస్ సెలవుల్లో ఉన్నప్పుడు ఒక ప్రకటన వెలువడింది. జిఫ్ బొమ్మను కుదించే ఎల్‌జడ్‌డబ్ల్యూ పద్ధతి మీద పేటెంటు యూనిసిస్ కంపెనీది. జిఫ్‌ను వాడే సాఫ్ట్‌వేర్లు తయారుచేసేవాళ్లు ఇకపై రుసుము కట్టాలన్నది దాని సారాంశం. ఏడేళ్లుగా అందరూ ఉచితమనుకుని వాడుతున్న దానికి ఒక్కసారిగా కిరాయి అడిగినట్టయింది. ప్రోగ్రామర్లు భగ్గుమన్నారు.

కోపం చల్లారకముందే పని మొదలైంది. 1995 జనవరి 4న థామస్ బౌటెల్ అనే ప్రోగ్రామర్ ఎవరి పేటెంటూ అంటని కొత్త రకానికి ఒక ముసాయిదా రాసి అందరి ముందూ పెట్టాడు. వివిధచోట్ల ఉన్న ఔత్సాహికులు ఈమెయిళ్లలోనే వాదించుకుంటూ దాన్ని సానబట్టారు. ఎవరికీ జీతం లేదు, ఆఫీసు లేదు. అలా తయారైందే పీఎన్‌జీ. 'పింగ్' అని పలకాలని నిబంధనల్లోనే రాసుకున్నారు. 1996 అక్టోబరు 1న వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూ3సీ దానికి ఆమోదముద్ర వేసింది. ఆ బృందంలో ఒకరైన మార్క్ ఆడ్లర్ తర్వాత, 2004లో అంగారకుడి మీద దిగిన నాసా స్పిరిట్ రోవర్ మిషన్ మేనేజర్‌గా పనిచేశారు.

పేటెంటు బెడద తప్పించడమొక్కటే లక్ష్యమైతే జిఫ్‌కు నకలు చేసి ఊరుకునేవారు. వాళ్లు అక్కడితో ఆగలేదు. సినిమావాళ్ల దగ్గరున్న ఆ నాలుగో అంకెను తెచ్చి పీఎన్‌జీలో పెట్టారు. 256 రంగుల పరిమితి పోయింది. ఆల్ఫాకు 256 మెట్లు వచ్చాయి. కావాలంటే 65,536 మెట్లూ వాడుకోవచ్చు. ఎంత దాచినా బొమ్మలో ఒక్క చుక్క కూడా చెడదు. మెత్తటి నీడకు చివరికి ఇల్లు దొరికింది!

1999 నవంబరు 5న 'జిఫ్‌లన్నీ తగలబెట్టండి' అంటూ అమెరికాలో కొందరు ఓ నిరసన దినమే జరిపారు. యూనిసిస్ పేటెంటుకు అమెరికాలో 2003 జూన్‌లో గడువు తీరింది. మిగతా దేశాల్లో మరుసటి ఏడాదికల్లా ముగిసింది. కానీ అప్పటికే కొత్త చిక్కు వచ్చిపడింది.

కిటికీ తెరుచుకోలేదు

ఫైల్‌లో ఆల్ఫా ఉంటే సరిపోదు. దాన్ని చూపించే బ్రౌజర్‌కు ఆ లెక్క చేయడం రావాలి. 2000 మార్చిలో ఆపిల్ కంప్యూటర్ల కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5కు ఆ విద్య చక్కగా వచ్చు. చిత్రంగా, అదే మైక్రోసాఫ్ట్ తన సొంత విండోస్ కోసం 2001 ఆగస్టులో తెచ్చిన ఎక్స్‌ప్లోరర్ 6కు రాలేదు. నెట్‌సెంటర్లలో గంటకింతని కట్టి కూర్చున్న తరానికి తెర మీది ఆ నీలం 'ఈ' గుర్తు గుర్తుండే ఉంటుంది. ఆ గుర్తు వెనకున్నది చాలాచోట్ల ఈ బ్రౌజరే.

అందులో పీఎన్‌జీ తెరిస్తే, వెనకది కనిపించాల్సిన చోట బూడిదరంగు దిమ్మె కనిపించేది. ప్రపంచంలో అత్యధికులు వాడే బ్రౌజరే ఇలా ఉంటే పీఎన్‌జీ పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? డిజైనర్లు మళ్లీ దొంగదారులు వెతికారు. 'ఆల్ఫా ఇమేజ్ లోడర్' అనే మైక్రోసాఫ్ట్ వారి సొంత చిట్కా ఒకటుంది. ఒక్కో బొమ్మకూ విడిగా ఆ మంత్రం చదివితే నీడ సరిగ్గా వచ్చేది, పేజీ మాత్రం నీరసించిపోయేది. ఇంకొందరు తెలివిగా 256 రంగుల పీఎన్‌జీనే వాడి, ఒక్కో రంగుకూ ఆల్ఫా అంకె జతచేసేవారు. మంచి బ్రౌజర్లలో మెత్తటి నీడ కనిపించేది. ఎక్స్‌ప్లోరర్ 6లో నీడ మొత్తానికే కనిపించకుండా పోయి, బొమ్మ ఒక్కటే మిగిలేది. బూడిద దిమ్మె కంటే అదే మేలు కదా!

2006 అక్టోబరులో వచ్చిన ఎక్స్‌ప్లోరర్ 7తో విండోస్‌లోనూ చిక్కు విడింది. పీఎన్‌జీ ఆమోదం పొందిన పదేళ్లకన్నమాట! అయినా పాతది ఒక పట్టాన వదల్లేదు. చివరికి మైక్రోసాఫ్టే 2011లో 'ఎక్స్‌ప్లోరర్ 6ను వదిలేయండి మహాప్రభో' అన్నట్టుగా ప్రచారం మొదలెట్టింది. 2022 జూన్ 15తో ఎక్స్‌ప్లోరర్ అన్న పేరుకే వీడ్కోలు చెప్పేశారు.

ఇప్పుడు పెట్టెలకూ బటన్లకూ అసలు బొమ్మే అక్కర్లేదు. 'ఇక్కడ ఇంత చిక్కటి నీడ వెయ్యి' అని ఒక్క వరుసలో రాస్తే బ్రౌజరే గీస్తుంది. పీఎన్‌జీ మాత్రం పాతబడలేదు. 2025 జూన్‌లో దాని మూడో ప్రమాణం విడుదలైంది.

చీకట్లో నీడెక్కడ?

లెక్క కుదిరింది, బ్రౌజర్లు మారాయి. ఇక ఇబ్బందేముంటుంది అనుకుంటుండగా 2019లో ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 13 ఫోన్లకు డార్క్ మోడ్ తెచ్చాయి. రాత్రిపూట కళ్లకు హాయి అంటూ జనం నలుపుకు అలవాటుపడ్డారు. తెల్లటి పేజీ కోసం చేసుకున్న బొమ్మలన్నీ ఒక్కసారిగా చీకటింట్లోకి వచ్చిపడ్డాయి. పాత తెల్లగీతలన్నీ బయటపడ్డాయి.

అంచు శుభ్రంగా ఉన్న బొమ్మలకూ మరో ఇబ్బంది ఎదురైంది. నీడ అంటే వెలుతురును తగ్గించడం. అసలు వెలుతురే లేనిచోట తగ్గించేదేముంది? సున్నాలో సగం సున్నాయే. అందుకే కటిక నలుపు మీద నల్లటి నీడ ఎంత వేసినా కనిపించదు. 2019లో గూగుల్ తన డిజైన్ సూత్రాల్లో చీకటి తెరలకు పూర్తి నలుపు కాకుండా, అంకెల్లో చెప్పాలంటే 18 దగ్గరుండే ముదురు బూడిదను సూచించింది. దాని మీదైతే నీడకు కాస్త చోటుంటుంది. అంతేకాదు... ఒక కార్డు పైకి లేచినట్టు కనిపించాలంటే కింద నీడనే నమ్ముకోకుండా, కార్డు రంగునే కాస్త తేలిక చేయమంది. అమావాస్య రాత్రి వస్తువు కింద నీడ కనిపించదు, పైన పడ్డ కొద్దిపాటి వెలుగును బట్టే పోల్చుకుంటాం. అదే సూత్రం.

చీకటి మీద నీడకు మరో తలనొప్పి చారలు. తెల్లటి పేజీ మీద తెలుపు నుంచి నలుపు దాకా దిగడానికి 255 మెట్లుంటాయి. 18 మీద అయితే దిగడానికి ఉన్నవి పద్దెనిమిదే. అందుకే పెద్ద నీడ వేస్తే నున్నగా కరిగిపోకుండా చెట్టు మొదలు కోస్తే కనిపించే వలయాల్లా గీతలు తేలతాయి. నీడను చిన్నదిగా ఉంచడం, ఇసుక చల్లినట్టు సన్నటి నలుసును కలపడం దీనికి మందు.

ఇంట్లో చేసుకునేవాళ్లకు...

ఫ్లెక్సీ షాపులో పనిచేసేవారి నుంచి స్కూలు ప్రాజెక్టు చేసే పిల్లల దాకా ఇప్పుడు అందరూ డిజైనర్లే. ఈ కథంతా తెలిశాక కొన్ని జాగ్రత్తలు తేలిగ్గా అర్థమవుతాయి.

* బొమ్మను, నీడను వేర్వేరు లేయర్లలో ఉంచుకోవాలి. బ్యాక్‌గ్రౌండ్ లేయరును ఆపేశాకే పీఎన్‌జీగా సేవ్ చేయాలి. తెల్లటి పొర వెనక ఉండిపోతే నీడ దాంతో కలిసిపోతుంది.

* జేపెగ్‌లో ఆల్ఫా ఉండదు. అందుకే పీఎన్‌జీని వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఖాళీ చోటు తెల్లగానో నల్లగానో నిండిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే బొమ్మ ఉన్నదున్నట్టు చేరుతుంది.

* తెలుపుతో కలిసిపోయిన పాత నీడే మీ దగ్గరుంటే? దానికీ దారుంది. ఎడిటర్‌లో ఆ లేయరును 'మల్టిప్లై' చేయండి. పై చుక్కనూ కింది చుక్కనూ గుణించి 255తో భాగించడమే ఆ పద్ధతి. ఇందాకటి లెక్కే చూడండి... 230ని 18తో గుణించి 255తో భాగిస్తే సుమారు 16. కావాల్సింది కూడా అదే! తెల్లటి భాగం దానంతటదే మాయమవుతుంది. ఇది నీడకే. బొమ్మను మాత్రం విడిగా కత్తిరించి మామూలు లేయరుగా పైన పెట్టుకోవాలి, లేకపోతే అదీ నల్లబడుతుంది.

* అంచున తెల్లగీత ఉంటే ఫొటోషాప్‌లో లేయర్ మెనూ కింద, మ్యాటింగ్‌లో 'రిమూవ్ వైట్ మ్యాట్' ఉంటుంది. నలుపు మీంచి కత్తిరించినదైతే 'రిమూవ్ బ్లాక్ మ్యాట్'. అదీ లేకపోతే కత్తిరింపును ఒక చుక్క మేర లోపలికి జరిపితే చాలావరకు పోతుంది.

* బొమ్మను చిన్నది చేశాక కొత్తగా తెల్లగీత వచ్చిందా? ఆల్ఫా సున్నా ఉన్న చుక్కల్లోనూ ఏదో ఒక రంగు అంకె దాగి ఉంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు సైజు తగ్గించేటప్పుడు ఆ దాగిన తెలుపును పక్క చుక్కలోకి కలిపేస్తాయి. ఆల్ఫాతో ముందే గుణించి లెక్కచేసే సాఫ్ట్‌వేర్లలో ఈ బెడద ఉండదు.

* బూడిద-తెలుపు గళ్లు అసలు బొమ్మలో ఉండకూడదు. 'ఇక్కడేమీ లేదు' అని చెప్పడానికి ఎడిటర్ చూపించే గుర్తు మాత్రమే అవి. ఎడిటర్‌లో ముదురు రంగు పొర మీద పెట్టినా గళ్లు పోలేదంటే, అది వాటిని కూడా కలిపి గీసేసిన నకిలీ.

* అన్నింటికంటే ముఖ్యం... పని ముగించేముందు తెలుపు, నలుపు, ఏదైనా ముదురు రంగు... ఈ మూడింటి మీదా పెట్టి చూసుకోవాలి. తెలుపు మీద ఏ లోపమైనా దాక్కుంటుంది. నలుపు దేన్నీ దాచదు.

గీతే ముద్దు!

ఇంతమంది ఇన్నేళ్లు తంటాలుపడి వదిలించుకున్న ఆ తెల్లగీత ఇప్పుడు కోరిమరీ వచ్చి కూర్చున్న చోటొకటుంది. 2018 అక్టోబరులో వాట్సాప్‌లోకి వచ్చిన స్టిక్కర్లు! 512 చుక్కల పొడవు, అంతే వెడల్పు, ఆల్ఫా ఉన్న వెబ్‌పీ రకం బొమ్మలవి. ఒకరి చాట్ వెనక తెలుపుంటుంది, ఇంకొకరిది నలుపు, మరొకరిది మనవడి ఫొటో. దేని మీదైనా స్పష్టంగా కనిపించాలంటే స్టిక్కరు చుట్టూ 8 చుక్కల మందాన తెల్లటి అంచు గీయమని వాట్సాప్ స్వయంగా సలహా ఇస్తుంది.

అప్పటి గీత పొరపాటున అంటుకొచ్చింది, ఇది కావాలని గీసుకున్నది. తేడా అదొక్కటే. కానీ స్టిక్కర్ అంటే అంటించినట్టే ఉండాలి, నీడ అంటే కలిసిపోవాలి. అలా కలవాలంటే వెనకున్నది తనలోంచి ఎంత కనిపించాలో ప్రతి చుక్కకూ తెలిసుండాలి. క్యాట్‌మల్, స్మిత్ 1977లో అదనంగా రాసిపెట్టుకున్న ఆ నాలుగో అంకె చేసేది ఆ పనే.